చిన్నప్పుడు మెదడులో పడిన గుర్తులు ఇక మారవా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ముప్పై నాలుగేళ్ల వయసులో మళ్లీ చదువు మొదలుపెట్టారు, రాత్రి చదివింది పొద్దునకి ఉండట్లేదు. నేర్చుకోవడమంటే మెదడు కణాల్లో డీఎన్ఏ మీద గుర్తులు మారడమేనని, భయంతో పెరిగిన పిల్లలకి ఆ గుర్తులు చిన్నప్పుడే గట్టిగా పడిపోయి ఇక మారవని ఒక వీడియోలో విన్నారు. మీ బాల్యం అలాంటిదే అని రాశారు. అందుకని, ఇది నిజమేనా, నిజమైతే నా సంగతి ఇక అంతేనా, దీనికి మందేమైనా ఉందా, నా పాపకి కూడా ఇదే వస్తుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. నేర్చుకున్నప్పుడు డీఎన్ఏ అక్షరాలు మారవు, వాటి మీద ఉండే రసాయన గుర్తులు మారతాయి, అంతవరకు వీడియోలో చెప్పింది నిజమే. కానీ మెదడులో ఆ గుర్తులు జీవితాంతం పడుతూ, చెరుగుతూనే ఉంటాయి, నేర్చుకోవడం సాధ్యమయ్యేదే అందువల్ల. "ఇక మారవు" అన్న మాట తప్పు. జ్ఞాపకశక్తి కోసం వేసుకోదగ్గ మందు ఇప్పటికి లేదు. పాప గురించి మీరు భయపడుతున్న పద్ధతిలో భయపడక్కర్లేదు.

నేను పద్దెనిమిదేళ్లుగా జ్ఞాపకం మీద ఎలుకలతో పనిచేసే ల్యాబ్‌లో ఉన్నాను. డాక్టర్ని కాదు కాబట్టి మీ ఆరోగ్యం గురించి ఏమీ చెప్పలేను. ఈ గుర్తులతో మాత్రం రోజూ పని. కొంచెం పొడవవుతుంది, తీరిగ్గా చదవండి.

ఈ గుర్తులంటే ఏమిటో ముందు చూద్దాం. ఒక్కో కణంలో ఉన్న డీఎన్ఏని సాగదీస్తే దాదాపు 2 మీటర్లుంటుంది. అంత పొడుగు దారం కంటికి కనిపించని కేంద్రకంలో పట్టాలంటే చుట్టి పెట్టాల్సిందే. హిస్టోన్లు అనే ప్రోటీన్లు ఎనిమిది కలిసి ఒక కండెలా ఉంటాయి, ఒక్కో కండెకి డీఎన్ఏ 147 అక్షరాల జతల మేర చుట్టుకుని ఉంటుంది. చుట్టు బిగుతుగా ఉన్నచోట జన్యువుని చదివే యంత్రాంగం దూరలేదు, వదులుగా ఉన్నచోట దూరుతుంది. హిస్టోన్ల తోకలకి ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క తగిలిస్తే చుట్టు వదులవుతుంది, దాన్ని పీకేస్తే మళ్లీ బిగుస్తుంది. తగిలించే ఎంజైములు వేరే, పీకేసే ఎంజైములు వేరే. పీకేసేవాటిని హెచ్‌డాక్‌లు అంటారు, ఈ పేరు గుర్తుంచుకోండి, మందుల దగ్గర మళ్లీ వస్తుంది.

రెండో రకం గుర్తు మిథైల్. ఇది నేరుగా డీఎన్ఏ అక్షరం మీదే పడుతుంది. కొత్తగా చేరిన విద్యార్థులకి నేను దీన్ని మన గుణింతంతో చెప్తాను. "క" రాసి గుడి పెడితే "కి" అవుతుంది, పొల్లు పెడితే "క్" అవుతుంది. అక్షరాన్ని చెరపలేదు, పక్కన ఇంకో అక్షరం రాయలేదు, చదివే తీరు మాత్రం మారిపోయింది. జన్యువు మొదట్లో పడిన మిథైల్ చాలాసార్లు పొల్లులాగే పనిచేస్తుంది, ఆ జన్యువు గొంతు నొక్కుతుంది. "చాలాసార్లు" అన్నాను గాని "ఎప్పుడూ" అనలేదు, జన్యువులో ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది.

ఈ గుర్తుల గురించిన శాస్త్రాన్ని ఎపిజెనెటిక్స్ అంటారు. ఆ మాటని 1942లో కాన్రాడ్ వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త పెట్టాడు. అప్పటి ప్రశ్న పిండం గురించి: ఒకే కణం నుంచి మొదలై ఒకటి కాలేయం కణంగా, ఇంకొకటి మెదడు కణంగా ఎలా స్థిరపడుతుంది అని. ఆ స్థిరపడటంలో ఈ గుర్తులకి పెద్ద పాత్ర ఉందని తర్వాత తేలింది. కాలేయం కణం మళ్లీ మెదడు కణంగా మారిపోదు కదా, అందుకని మిథైల్ గుర్తు ఒకసారి పడితే ఇక పోదు అని చాలాకాలం అందరూ అనుకున్నారు. మీరు చూసిన వీడియో చేసినవారు ఆ పాత అవగాహన దగ్గరే ఆగిపోయారని నాకనిపిస్తోంది. ఎదిగిన మెదడులో సంగతి వేరు. న్యూరాన్ (సంకేతాలు పంపే మెదడు కణం) ఇక విభజన చెందదు, తన పిల్ల కణాలకి "నువ్వు ఫలానా" అని చెప్పాల్సిన పనే దానికి లేదు. అందుకే అవే పనిముట్లని అది రోజువారీ అనుభవాలకి స్పందించడానికి వాడుకుంటోంది. నేను ఈ రంగంలోకి వచ్చిందే ఈ ఒక్క సంగతి విని.

అసలు జ్ఞాపకానికి డీఎన్ఏతో పనేమిటి అని మీకు అనుమానం రావచ్చు. 1984లో ఫ్రాన్సిస్ క్రిక్, డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టిన ఇద్దరిలో ఒకడు, ఒక చిన్న వ్యాసంలో ఇలాంటి ప్రశ్నే అడిగాడు. మెదడులోని ప్రోటీన్లు చాలావరకు కొన్ని రోజుల్లోనో నెలల్లోనో పాడైపోతాయి, వాటి స్థానంలో కొత్తవి వస్తాయి. ఇటుకలన్నీ ఇలా మారిపోతుంటే చిన్నప్పటి జ్ఞాపకం యాభై ఏళ్ల తర్వాత కూడా ఎలా నిలబడుతోంది? ముక్కలు మారినా గుర్తు మాత్రం కొత్త ముక్కకి అందే ఏర్పాటు ఏదో ఉండాలి అన్నాడు. డీఎన్ఏ మీద మిథైల్ గుర్తు సరిగ్గా అలాంటి ఏర్పాటే. డీఎన్ఏ రెండు పోగుల దారం, ఒక పోగు మీద గుర్తు పోయినా రెండో పోగుని చూసి ఎంజైమ్ మళ్లీ పెట్టగలదు.

ఇక ప్రయోగాల్లోకి వస్తాను. మా ల్యాబ్‌లో ఎక్కువగా చేసేది భయం జ్ఞాపకం. ఎలుకని ఒక కొత్త పెట్టెలో పెడతాం, రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ తిరిగి వాసన చూస్తుంది, ఆ తర్వాత కాళ్ల కింద కడ్డీల్లోంచి చిన్న షాక్ ఒకటి. అంతే, తీసి గూట్లో పెట్టేస్తాం. మర్నాడు అదే పెట్టెలో పెడితే షాక్ ఏమీ ఇవ్వకపోయినా అది బిగుసుకుపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఎలుక నిద్రపోయిందేమో అనుకున్నాను. దగ్గరికి వంగి చూస్తే కళ్లు తెరుచుకునే ఉన్నాయి, ఎప్పుడూ ఆగని మీసాలు కూడా ఆగిపోయాయి, ఊపిరికి పక్కలు మాత్రం పైకీ కిందికీ కదులుతున్నాయి. ఒక్కసారి జరిగింది, ఒక్క రాత్రి గడిచింది, ఇప్పుడా జంతువుకి ఆ పెట్టె అంటే ఏమిటో తెలుసు. ఆ రాత్రి దాని మెదడులో ఏం జరిగిందన్నదే మా పని.

అది తెలుసుకునే మొదటి ప్రయత్నంలోనే నేను దెబ్బతిన్నాను. పెట్టెలో శిక్షణ అయ్యాక మర్నాడు, అంటే 24 గంటలకి, హిప్పోకాంపస్ (కొత్త జ్ఞాపకాలకి అవసరమైన భాగం) తీసి మిథైల్ గుర్తులు కొలిచాను. షాక్ తిన్న ఎలుకలకీ తినని ఎలుకలకీ తేడా ఏమీ లేదు. రసాయనం పాడైందేమోనని మళ్లీ చేశాను. మళ్లీ తేడా లేదు. రెండు నెలలు పోయాయి. ఇదంతా ఉత్తదే అనిపించింది. మా సీనియర్ ఒకావిడ నా నోట్‌బుక్ చూసి, "ఎప్పుడు తీశావు?" అని ఒకే మాట అడిగింది. ఈసారి శిక్షణ అయిన గంటకి తీశాం. అదే జన్యువులు, అవే పరికరాలు, తేడా స్పష్టంగా ఉంది.

అప్పటికే కోర్ట్నీ మిల్లర్, డేవిడ్ స్వెట్ 2007లో ప్రచురించిన పనిలో ఇది ఉంది, నేను సరిగా చదవలేదు, అంతే. వాళ్లు చూపించింది ఏమిటంటే, జ్ఞాపకాన్ని అణచే ప్రోటీన్ ఫాస్ఫటేజ్ 1 జన్యువు మీద శిక్షణ తర్వాత మిథైల్ పెరిగింది, అది మూగబోయింది. జ్ఞాపకానికి సాయపడే రీలిన్ జన్యువు మీద మిథైల్ తగ్గింది, అది గట్టిగా పలికింది. మర్నాటికి రెండూ మామూలు స్థితికి వచ్చేశాయి. శిక్షణ అయిన వెంటనే మిథైల్ పెట్టే ఎంజైముని హిప్పోకాంపస్‌లో ఆపేస్తే ఆ జ్ఞాపకం ఏర్పడలేదు. అంటే ఆ గుర్తులు ఊరికే పక్కన కనిపించేవి కావు, జ్ఞాపకం నిలవాలంటే అవి కావాల్సిందే. మీరు "పడిన గుర్తు చెరగదు" అని రాశారు కదా, ఇక్కడ కొన్ని గంటల్లో పడి, ఒక్క రోజులో చెరిగిపోయింది.

మరి ఒక్క రోజులో చెరిగిపోతే ఏళ్లు నిలిచే జ్ఞాపకం ఏది? అదే బృందం 2010లో దానికీ జవాబు వెతికింది. హిప్పోకాంపస్‌లో చెరిగిపోయాక, పాత జ్ఞాపకాలకి అవసరమైన కార్టెక్స్ (మెదడు పై పొర) ముందు భాగంలో చూశారు. అక్కడ కాల్సిన్యూరిన్ అనే మరో అణచే జన్యువు మీద మిథైల్ గుర్తు 30 రోజుల తర్వాత కూడా ఉంది. ఆ సమయంలో, అంటే నెల గడిచాక, అక్కడ మిథైల్ పెట్టే ఎంజైముని ఆపితే ఎలుక ఆ పాత భయాన్ని సరిగా గుర్తుచేసుకోలేకపోయింది. ఈ ఫలితం గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. నెల కింద పడిన గుర్తు కూడా రాయి మీద చెక్కినట్టు లేదు. ఎంజైమ్ పనిచేస్తూ ఉంటేనే అది నిలబడుతోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ గుర్తులే జ్ఞాపకం అని అనుకోకండి. మీకు గుర్తున్న పాట, ముఖం, సూత్రం ఏ మిథైల్ ముక్కలోనూ రాసి ఉండవు. జ్ఞాపకంలోని విషయం న్యూరాన్ల మధ్య కనెక్షన్లలో ఉంటుందని, ఏ కనెక్షన్ బలపడాలి, దానికి కావాల్సిన ప్రోటీన్లు ఏ కణం ఎంత చెయ్యాలి అన్నదాన్ని ఈ గుర్తులు నడిపిస్తాయని మాలో చాలామంది అభిప్రాయం. 2024లో జొహన్నెస్ గ్రాఫ్ బృందం ఎలుకల్లో చూపించిన విషయం దీన్ని ఇంకాస్త ముందుకి తీసుకెళ్లింది. హిస్టోన్లకి ఎసిటైల్ ఎక్కువగా ఉండి డీఎన్ఏ వదులుగా ఉన్న న్యూరాన్లు కొత్త జ్ఞాపకంలో భాగమయ్యే అవకాశం ఎక్కువ. ఎదుట సంఘటన జరగకముందే ఏ కణాలు సిద్ధంగా ఉన్నాయన్నది కొంతవరకు ఈ గుర్తులతోనే తేలుతోంది.

ఇప్పుడు "రాత్రి చదివింది పొద్దునకి ఉండట్లేదు" అన్న మీ బాధకి వస్తాను. దీనికి ఎలుక కన్నా సముద్రపు నత్త బాగా జవాబు చెప్తుంది. ఎరిక్ కాండెల్ దశాబ్దాల పాటు అప్లీసియా అనే పెద్ద సముద్రపు నత్త మీద పనిచేశాడు, 2000లో నోబెల్ వచ్చింది. దాని నరాల మీద సెరటోనిన్ (నరాల మధ్య సంకేతాలు మోసే రసాయనం) ఒక్కసారి పడితే ఆ మార్పు నిమిషాలు మాత్రమే ఉంటుంది. మధ్యలో విరామం ఇస్తూ ఐదుసార్లు పడితే ఒక రోజు దాటి నిలుస్తుంది. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఐదోసారికి సంకేతం కేంద్రకం దాకా చేరుతుంది, అక్కడ క్రెబ్ అనే ప్రోటీన్ మేల్కొంటుంది, ఎసిటైల్ తగిలించే ఎంజైముని పిలుస్తుంది, చుట్టు వదులవుతుంది, జన్యువులు పలుకుతాయి, కొత్త ప్రోటీన్లు వస్తాయి. ఒక్కసారి సంకేతం ఆ తలుపు దాకా వెళ్లనే వెళ్లదు.

2002లో ఆయన బృందమే ఇంకో విషయం చూపించింది. అదే కణానికి వ్యతిరేక సంకేతం ఒకటి వస్తే హెచ్‌డాక్ వచ్చి ఎసిటైల్‌ని పీకేస్తుంది. బలపరిచే సంకేతం, అణచే సంకేతం రెండూ ఒకేసారి వస్తే గెలిచింది అణచేదే.

నత్త నుంచి నేరుగా మనిషికి దూకకూడదు, నాకు తెలుసు. కానీ విరామంతో పదేపదే చదివితే ఎక్కువకాలం గుర్తుంటుందన్నది మనుషుల మీద వందేళ్లకి పైగా చూస్తున్న విషయం, దానికి కణం లోపల కారణం ఇలా ఉంటుందని నత్త చూపించింది. మీరు రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా ఒకే అధ్యాయాన్ని మూడుసార్లు వరసగా చదువుతున్నానని రాశారు. మూడుసార్లు చదివినట్టు మీకుంది గాని మీ న్యూరాన్లకి అది ఒక పొడవాటి ఒక్కసారే. అదే మూడు గంటలని మూడు రోజులకి పంచండి. రెండోసారి పుస్తకం తెరవకముందు, మూసే ఉంచి గుర్తున్నంత కాగితం మీద రాయండి. ఇది మీ మెదడులో లోపమని తేల్చేముందు ఈ ఒక్క మార్పు నెల రోజులు చేసి చూడమని నా విన్నపం.

ఇక మీ అసలు బాధ, బాల్యం. దీన్ని తేలిగ్గా తీసేయను, ఎందుకంటే ఇందులో నిజం ఉంది. మైకేల్ మీనీ, మోషే షిఫ్ 2004లో ఎలుకల మీద ప్రచురించిన పని చాలామందికి తెలుసు. తల్లి ఎలుకల్లో కొన్ని పిల్లల్ని బాగా నాకి, శుభ్రం చేసి, దగ్గర పెట్టుకుంటాయి, కొన్ని అంతగా పట్టించుకోవు. పట్టించుకోని తల్లి పిల్లల హిప్పోకాంపస్‌లో, ఒత్తిడి హార్మోన్‌ని గుర్తుపట్టే గ్రాహకం జన్యువు మీద మిథైల్ ఎక్కువగా ఉంది. ఆ గ్రాహకం తక్కువైతే ఒత్తిడి వచ్చినప్పుడు "ఇక చాలు" అనే బ్రేక్ సరిగా పడదు. ఈ తేడా పుట్టిన మొదటి వారంలో వచ్చి పెద్దయ్యాక కూడా కనిపించింది. అదే బృందం 2009లో చిన్నప్పుడు హింసకి గురై తర్వాత ఆత్మహత్య చేసుకున్నవారి మెదడు కణజాలంలో కూడా అలాంటి తేడానే చూసింది.

వీడియోలు సాధారణంగా ఇక్కడ ఆపేస్తాయి. అదే 2004 వ్యాసంలో ఇంకో రెండు విషయాలున్నాయి. పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్లని పుట్టగానే బాగా చూసుకునే తల్లి దగ్గర పెడితే గుర్తు ఆ పెంచిన తల్లిని బట్టే వచ్చింది, కన్నతల్లిని బట్టి రాలేదు. రెండోది, పెద్దయ్యాక కూడా, హెచ్‌డాక్‌ని ఆపే మందు మెదడులోకి ఇస్తే ఆ మిథైల్ తేడా పోయింది, ఒత్తిడికి స్పందించే తీరు కూడా మారింది. "చిన్నప్పటి గుర్తు శాశ్వతం" అనడానికి ఏ పరిశోధనని చూపిస్తున్నారో, అది వెనక్కి తిప్పచ్చని చూపించింది కూడా ఆ పరిశోధనే. మీరు దీన్ని రెండుసార్లు చదవాలని కోరుకుంటున్నాను.

ఇంకో సంగతి చెప్తాను. కొన్నేళ్ల కింద రెట్ సిండ్రోమ్ ఉన్న పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో మాట్లాడమని పిలిచారు. దాదాపు ఆడపిల్లలకే వచ్చే జబ్బు ఇది. మొదటి ఆరు నుంచి పద్దెనిమిది నెలలు పాప మామూలుగానే ఎదుగుతుంది, తర్వాత నేర్చుకున్న మాటలు, చేతులతో పట్టుకోవడం ఒక్కొక్కటే పోతాయి. 1999లో హుదా జోగ్బీ బృందం దీనికి కారణం మెక్‌పీ2 అనే జన్యువని కనిపెట్టింది. ఆ ప్రోటీన్ పనేమిటంటే మిథైల్ గుర్తుని పట్టుకుని చదవడం. గుర్తులన్నీ ఉన్నాయి, చదివేవాడు లేడు.

నేను బొమ్మలు చూపించి ఇదంతా చెప్పాక ముందు వరసలో ఒకావిడ లేచి, "మా అమ్మాయికి ఐదు మాటలొచ్చేవి. అవి ఎక్కడికి పోయాయి?" అని అడిగింది. ఒళ్లో పాప రెండు చేతులూ నలుపుకుంటూ ఉంది, ఆ జబ్బులో అలాగే చేస్తారు. ఏ వ్యాసంలోనూ ఈ ప్రశ్న ఇలా ఉండదు. ఏడ్రియన్ బర్డ్ బృందం 2007లో చేసిన పని గురించి చెప్పాను. ఆ జన్యువు పనిచెయ్యని ఎలుకలకి, జబ్బు బాగా ముదిరాక, దాన్ని మళ్లీ పనిచేయించారు. చావుకి దగ్గరైన ఎలుకలు కోలుకున్నాయి, నడక, ఊపిరి మెరుగయ్యాయి. న్యూరాన్లు చచ్చిపోలేదు, ఎదురుచూస్తూ ఉన్నాయి. అది ఎలుకల్లో, మీ పాపకి ఇవ్వడానికి ఈ రోజు నా చేతిలో ఏమీ లేదని కూడా చెప్పాను. ఆవిడ తలూపి, "అంటే లోపల ఉండొచ్చన్నమాట" అంది. ఆ తర్వాత చాలాసేపు నేను సరిగా మాట్లాడలేకపోయాను.

ఆ జబ్బుకీ మీ పరిస్థితికీ సంబంధం లేదు. ఇది చెప్పింది ఎందుకంటే, పుట్టుకతో వచ్చిన అంత పెద్ద లోపంలో కూడా "ఇక మారదు" అన్న మాట ఎలుకల్లో నిలబడలేదు.

ఇక మందు. ఆశ పుట్టించే పనులు చాలానే ఉన్నాయి. 2007లో లీ-హ్యూ సాయ్ బృందం, మెదడు కణాలు క్షీణించి నేర్చుకున్నది మర్చిపోయిన ఎలుకలకి హెచ్‌డాక్‌ని ఆపే మందు ఇస్తే పోయాయనుకున్న జ్ఞాపకాలు తిరిగి వచ్చాయని చూపించింది. మందు లేకుండా, ఆడుకోవడానికి చక్రాలు, సొరంగాలు, తోటి ఎలుకలు ఉన్న గూట్లో పెట్టినా అలాంటి ఫలితమే వచ్చింది, హిస్టోన్ల మీద ఎసిటైల్ కూడా పెరిగింది. 2010లో ఆండ్రే ఫిషర్ బృందం 16 నెలల ముసలి ఎలుకల్లో నేర్చుకున్నప్పుడు పెరగాల్సిన ఒక ఎసిటైల్ గుర్తు పెరగట్లేదని, మందుతో దాన్ని సరిచేస్తే నేర్చుకునే శక్తి మెరుగైందని చూపించింది.

ఇవి చదివి హెచ్‌డాక్ మందులు ఎక్కడ దొరుకుతాయని నాకు ఉత్తరాలు వస్తుంటాయి. దయచేసి ఆ పని చెయ్యకండి. ఈ మందులు ఒక జన్యువుని ఎంచుకుని పనిచెయ్యవు, శరీరంలో ప్రతి కణంలోనూ వేల జన్యువుల దగ్గర చుట్టుని కదిలిస్తాయి. వోరినోస్టాట్ అనే హెచ్‌డాక్ మందుకి 2006లో అనుమతి వచ్చింది ఒక రకం క్యాన్సర్ కోసం, దాని దుష్ప్రభావాలు క్యాన్సర్ ముందు ఒప్పుకోదగ్గవి గాని పరీక్ష మార్కుల ముందు కావు. మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్ కూడా హెచ్‌డాక్‌ని ఆపుతుందని 2001లో తేలింది, గర్భంలో ఉన్న బిడ్డకి అది చేసే హాని తీవ్రమైనది. డాక్టర్ మూర్ఛ కోసం రాసిచ్చినవాళ్లు సొంతంగా ఆపకూడదు, జ్ఞాపకం కోసం ఎవరూ మొదలుపెట్టకూడదు. హెచ్‌డాక్‌ని ఆపే ఇంకో పదార్థం సోడియం బ్యూటిరేట్, దాని సప్లిమెంట్ల గురించి కూడా అడిగారు. ఎలుకకి ఇంజెక్షన్‌లో ఇచ్చిన మోతాదుని మాత్రతో పోల్చలేం, మింగిన బ్యూటిరేట్ చాలావరకు పేగులోనూ కాలేయంలోనూ ఖర్చయిపోతుంది.

వ్యాయామం సంగతి వేరు. ఎలుకల్లో కొన్ని వారాలు చక్రం మీద పరుగెత్తాక, మామూలుగా గుర్తుండనంత కొద్దిపాటి శిక్షణ కూడా గుర్తుండిపోయిందని 2013లో ఒక ప్రయోగం చూపించింది, సోడియం బ్యూటిరేట్ ఇచ్చినప్పుడు వచ్చిన ఫలితమే పరుగుతోనూ వచ్చింది. రెండూ బీడీఎన్ఎఫ్ అనే, న్యూరాన్లని పోషించే ప్రోటీన్ మీద ఆధారపడ్డాయి. మీరు చదువు కోసం నడక మానేశానని రాశారు. ఆ అరగంట వెనక్కి తెచ్చుకోండి. నిద్రని కోసి చదవడం కూడా ఆపండి, చదివింది స్థిరపడాల్సిన సమయాన్నే కోస్తున్నారు.

పాప విషయం. 2014లో ప్రచురితమైన ఒక పనిలో, ఒక వాసనకి భయపడటం నేర్చుకున్న మగ ఎలుకల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు కూడా ఆ వాసనకి ఎక్కువగా స్పందించాయని వచ్చింది. వార్తల్లో అది "తాత భయం మనవడికి" అయిపోయింది. ఆ ఫలితం మీద మా రంగంలోనే గట్టి అభ్యంతరాలున్నాయి, గణాంకాల మీద కూడా. క్షీరదాల్లో అండం, వీర్యం తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం మొదలైనప్పుడు ఇంకోసారి మిథైల్ గుర్తులు చాలావరకు తుడిచిపెట్టుకుపోతాయి. పైగా మీ హిప్పోకాంపస్‌లో పడిన గుర్తు మీ అండంలోకో వీర్యంలోకో వెళ్లే దారి ఏదీ మనకి కనిపించలేదు. మీరు చదివిన గణితం పాపకి రానట్టే, మీ భయం కూడా అలా రాదు. పాపకి మీ నుంచి చేరేది మీరు పెంచే తీరు. పెంచిన తల్లిని బట్టే గుర్తు వచ్చిందన్న ఆ ఎలుక పిల్లల సంగతి గుర్తుంది కదా. మీరు అరవకుండా పెంచుతున్నానని, కోపమొస్తే గదిలోంచి బయటికి వెళ్లిపోతానని రాశారు. అది చదివి నాకు చాలా సంతోషమేసింది.

చివర్లో అడిగిన ఆ టెస్ట్ కిట్ గురించి. నోట్లోంచి ఉమ్మి తీసి పంపితే "మీ మెదడు ఎపిజెనెటిక్ వయసు" చెప్తామంటున్నారని, కొనాలా అని అడిగారు. ఉమ్మిలో ఉండేవి బుగ్గ లోపలి చర్మం కణాలు, తెల్ల రక్తకణాలు, అంతే, న్యూరాన్లు ఉండవు. ఈ గుర్తులు కణం రకాన్ని బట్టి మారతాయని పైన చెప్పాను, హిప్పోకాంపస్‌కీ కార్టెక్స్‌కీ మధ్యే మారతాయి, గంటకీ రోజుకీ మధ్యే మారతాయి. బుగ్గ కణం చూసి మీరు సూత్రాలు ఎందుకు మర్చిపోతున్నారో ఎవరూ చెప్పలేరు. కొనకండి. నిజంగా పరీక్ష చేయించుకోవాలనుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లి థైరాయిడ్, బి12, నిద్ర, దిగులు, ఈ నాలుగూ చూపించుకోండి. మతిమరుపుతో వచ్చినవాళ్లని డాక్టర్లు మామూలుగా ముందు అడిగేవి ఇవే, వీటిలో ఏది తేలినా దానికి చికిత్స ఉంది. నెల తర్వాత ఆ మూడు రోజుల పద్ధతి ఎలా ఉందో ఇక్కడే రాయండి, నేను చూస్తాను.